మూడో కెమెరాలో ఎర్రగుడ్డ

ఎడిటరమ్మను పోయిన వారం ఒక బొమ్మ ముందు వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కుర్చీలోంచి లేవలేదు, తెర మీద ఆపిన బొమ్మనీ కదపలేదు.

జరిగింది మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళకీ రెండు ముక్కలు. గూఢచారి సినిమాల వరసలో ఇది ఏడోది. మొదటి మూడింటినీ జనం నెత్తిన పెట్టుకున్నారు. తర్వాతవి అలవాటు కొద్దీ చూశారు. ఈ ఏడోది బాగుంటుందని తీసేవాళ్ళే అనుకోవడం లేదు, అలాగని బాగోదనీ అనుకోవడం లేదు. విలన్ ఈసారి కూడా ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలనే చూస్తాడు. పెట్టుకుని ఏం చేసుకుంటాడో ఏడు సినిమాల్లోనూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అలాంటి సినిమాలో ఒళ్ళు జలదరించే ఘట్టం ఒకే ఒక్కటుంది. పాత ఇనుప వంతెన మీంచి ఏజెంటు, కింద పోతున్న లారీ మీదికి దూకుతాడు.

హీరో బదులు ఆ దూకుడు దూకింది ఎడిటరమ్మ తమ్ముడు. సెట్‌లో అందరూ అతన్ని పిల్లి అంటారు, ఎంత ఎత్తు నుంచి వదిలినా కాళ్ళ మీదే నిలబడతాడని. ఆ రోజు నిలబడలేదు. పద్దెనిమిది రోజులుగా ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. నడుం కింద స్పర్శ వస్తుందో రాదో డాక్టర్లు ఇంకా తేల్చలేదు.

దూకమని సైగ ఇవ్వాల్సినవాడు ఫైట్ మాస్టర్. ఆయన ఎడిటరమ్మ భర్త. ఆయన కింద రోడ్డు పక్కన నిలబడి, పరుపులు పరిచిన లారీ సరిగ్గా వంతెన కిందికి రాగానే చేతిలోని ఎర్రగుడ్డ దించాలి. గుడ్డ దిగితే పైవాడు దూకాలి. "గుడ్డ దిగలేదు, నేనే తొందరపడి దూకేశాను" అని పిల్లి మంచం మీంచే స్టంట్ యూనియన్ కమిటీకి చెప్పాడు. మాస్టర్ ఆ పక్కనే ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు. రేపు పొద్దున పదకొండింటికి కమిటీ తీర్పు. సైగ లేకుండా దూకినవాడికి యూనియన్ కార్డు ఉండదు. రేపెప్పుడో లేచి నడిచినా ఏ సెట్ గడపా తొక్కనివ్వరు.

కమిటీ రెండు కెమెరాల బొమ్మలు చూసింది. ఒకదాంట్లో మాస్టర్ లేడు, రెండోదాంట్లో ఆయనకి వంతెన స్తంభం అడ్డం. మూడోది వంతెన చివర కమ్మీకి కట్టిన చిన్న కెమెరా. దాన్ని కట్టినవాళ్ళే మరిచిపోయారు. ఈ మధ్యాహ్నం దాన్ని తెరిచి చూసింది ఎడిటరమ్మ ఒక్కతే. బొమ్మకి కుడి మూల, వేలి గోరంత మనిషి. ఆ మనిషి చేతిలో ఎర్రటి చుక్క. చుక్క కిందికి దిగింది. దిగిన తర్వాతే తమ్ముడు దూకాడు.

అంటే తమ్ముడు అబద్ధం ఆడాడు. భర్త ఆ అబద్ధం పక్కనే నోరు మూసుకుని నిలబడ్డాడు.

బల్ల మీద ఫోను మోగింది. డైరెక్టరు.

"కత్తెరమ్మా, దూకుడు ఎంతవరకు వచ్చింది?"

"చూస్తున్నానండీ."

"మూడుసార్లు చూపించాలి. మొదట దూరం నుంచి, తర్వాత దగ్గరగా, మూడోది బాగా నెమ్మదిగా. ఈ సినిమా మొత్తానికి జనం గుర్తుపెట్టుకునేది అదొక్కటే."

"పడింది కూడా చూపించాలా?"

"పడటం మనకెందుకు? గాల్లో ఉండగానే కట్ చేసి హీరో మీదికి వెళ్ళిపో. లారీ మీద లేచి కోటు దులుపుకునేది హీరోతో తీసేశాంగా." ఒక క్షణం ఆగి, అప్పుడు గుర్తొచ్చినట్టు అడిగాడు. "అన్నట్టు తమ్ముడికి ఎలా ఉంది?"

"అలాగే ఉందండీ."

"దేవుడున్నాడు. సాయంత్రానికి పంపించు."

ఫోను పెట్టేసి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎడిటింగ్ గదికి కిటికీ ఉండదు. బయట ఎండో వానో తెలీదు. ఏసీ చల్లదనానికి మోచేతుల మీద రోమాలు లేచి ఉన్నాయి. గోడ మీద సీన్ల కాగితాలు వరసగా అంటించి ఉన్నాయి. అరవై నాలుగో కాగితం మీద 'వంతెన, దూకుడు' అని ఆమె చేతిరాతే ఉంది. అది రాసినప్పుడు ఆ రెండు మాటలూ మిగతా కాగితాల మీది మాటల్లాంటివే.

రెండున్నరకి మాస్టర్ తలుపు తోసుకుని వచ్చాడు, చేతిలో భోజనం క్యారియర్‌తో. షూటింగ్ లేని రోజుల్లో భార్యకి భోజనం తేవడం పెళ్ళయిన కొత్తలో పట్టుకున్న అలవాటు. పదహారేళ్ళయినా వదల్లేదు. సెట్‌లో ఆయన కేకేస్తే నలభై మంది ఆగిపోతారు. ఇక్కడ మాత్రం చెప్పులు గది బయట విడిచి, వంగి, క్యారియర్ బల్ల మీద పెట్టబోయి కాస్త అంచున పెట్టాడు. అది జారబోతే ఆమె పట్టుకుని లోపలికి జరిపింది.

"తిన్నావా?"

"తలుపు వెయ్యండి."

ఆమె గొంతు విని ఆయన తలుపు వేశాడు.

"కూర్చోండి. మీరొకటి చూడాలి."

"సాయంత్రం చూస్తాలే. యూనియన్ ఆఫీసుకి వెళ్ళాలి, రేపటి సంగతి..."

"రేపటి సంగతే ఇది. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఆమె బొమ్మని వెనక్కి తిప్పి వదిలింది. వంతెన, ఆకాశం, కమ్మీ మీద నల్లకోటులో తమ్ముడు. దూకాడు. ఆమె ఆపింది.

"మళ్ళీ ఎందుకు ఇది చూపిస్తావ్?" అన్నాడు ఆయన.  "ఆ రోజు చూసింది చాల్లేదా?"

"వాణ్ణి చూడమనలేదు. కుడి మూల చూడండి."

మళ్ళీ వదిలింది. ఆయన తెర వైపే చూస్తున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏముంది అక్కడ?"

ఆమెకి ఒళ్ళు మండింది. పదహారేళ్ళ కాపురంలో ఈయన తన దగ్గర నటించడం ఇదే మొదటిసారి అనుకుంది. "నా దగ్గరా ఈ వేషాలు? ఇదిగో, ఇక్కడ" అని తెర మీద వేలు పెట్టింది.

ఆయన ముందుకి వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు తెరకి జానెడు దూరంలోకి వచ్చింది. అప్పుడు మొహం మొత్తం కుడివైపుకి తిప్పాడు, పిట్ట గింజని చూసేటప్పుడు తల పక్కకి తిప్పినట్టు. ఎడమ కన్ను ఒక్కటే తెరకి ఎదురుగా వచ్చింది. ఆ కన్ను చిట్లించి వెతుకుతున్నాడు. దొరకడం లేదు.

ఇది నటన కాదు. పాతికేళ్ళుగా మనుషుల మొహాలు ముక్కలు కోసి అతికించే పని చేస్తున్న మనిషి ఆమె. ఏ చూపు నిజమో ఏది దొంగదో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆమె మెల్లిగా లేచింది. ఆయన ఎదురుగా నిలబడి, ఎడమ కంటి మీద తన అరచెయ్యి కప్పింది. ఇంకో చెయ్యి ఆయన మొహం ముందు పెట్టింది.

"ఎన్ని వేళ్ళు?"

ఆయన తల వెనక్కి లాక్కోబోయాడు.

"చెప్పండి. ఎన్ని?"

"తీసెయ్" అన్నాడు. "చెయ్యి తీసెయ్. తెలీదు నాకు."

ఆమె చెయ్యి తీసింది.  తర్వాత ఆమె వచ్చి కూర్చుని, ఆ మూలని పెద్దది చేసింది. గోరంత మనిషి బెత్తెడయ్యాడు, తర్వాత తెర నిండా అయ్యాడు. బొమ్మ పొగమంచులా విడిపోయినా, ఆ భుజాలు, ఆ నిలబడ్డ తీరు ఎవరివో తెలుస్తూనే ఉంది. చేతిలో ఎర్రగుడ్డ ఉంది. అది దిగింది.

మాస్టర్ ఈసారి చూశాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తన చెయ్యి దిగడం తనే చూశాడు.

"ఎప్పటినుంచి?" అంది ఆమె.

"రెండేళ్ళు దాటింది. కుడిది పూర్తిగా పోయింది. కంటి నరం ఎండిపోయిందన్నారు. ఎడమది కూడా దూరం అయితే మసకే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి? పని మానెయ్యమనేదానివి."

"అననా మరి?"

"అందుకే చెప్పలేదు." ఆయన తెర వైపు కాకుండా గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "నాకు చదువు లేదు, ఇంకో పని రాదు. మాస్టర్‌కి కన్ను లేదని తెలిస్తే నా చేతి కింద ఎవడు దూకుతాడు? గేటు దగ్గరే దణ్ణం పెట్టి పంపించేస్తారు. ఇంట్లో కూర్చుని గోడలు చూడటానికి కూడా ఆ ఒక్క కన్నే ఉంది."

రెండేళ్ళు. ఆమె లోపల ఆ రెండేళ్ళూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. మంచినీళ్ళు గ్లాసు పక్కన పోయడం. మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముకోవడం. కారు తాళాలు తమ్ముడి చేతికిచ్చి తను పక్క సీట్లో కూర్చోవడం. అన్నిటికంటే ఆమెని లోలోపల కోసింది ఇంకొకటుంది. భోజనాల దగ్గర ఆయనకి కుడివైపు కూర్చుని ఆమె ఏదైనా చెబుతుంటే, ఆయన ఇటు తిరిగేవాడు కాదు. ఎదురుగా చూస్తూ ఊఁ కొట్టేవాడు. ఈయనకి నా మీద మనసు విరిగింది, నన్ను చూడటం మానేశాడు అనుకుంది. అద్దం ముందు నిలబడి తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకున్న రోజులున్నాయి. ఎవరికీ చెప్పుకోలేక వంటింట్లో కళ్ళు తుడుచుకున్న రోజులున్నాయి. ఆయన అప్పుడంతా ఆమె ఉన్న వైపు చీకట్లో కూర్చుని ఉన్నాడు.

ఆయన మీద జాలి వచ్చింది. కానీ దాని వెనకాలే మంచం మీద కదలకుండా పడున్న తమ్ముడు కూడా వచ్చాడు.

"ఈ రెండేళ్ళూ సైగలు ఎలా ఇచ్చారు? నాలుగు సినిమాలు చేశారు. ఎవరికీ గోరు కూడా విరగలేదే."

మాస్టర్ క్యారియర్ పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"వాడు నా కుడి పక్కన నిలబడేవాడు."

"ఎవడు?"

"మీ తమ్ముడు. 'వచ్చింది బావా' అనేవాడు. నేను గుడ్డ దించేవాణ్ణి. చూసేవాళ్ళకి పిల్లి మాస్టర్ వెనకాల తోకలా తిరుగుతున్నాడనే తెలుసు."

"వాడికి తెలుసా?"

"మొదట కనిపెట్టింది వాడే. రిహార్సల్లో నేను తాడు ముడి తప్పు చోట వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు. అక్కకి కూడా."

"మరి ఆ రోజు వాడు వంతెన మీద ఉంటే, మీ పక్కన ఎవరున్నారు?"

మాస్టర్ తల దించుకున్నాడు. 

"ఇంకెవరినైనా పెట్టుకోవాల్సింది కదండీ."

"ఎందుకు మాస్టారూ అని అడుగుతాడు. ఏం చెప్పను? దూకాల్సిన కుర్రాడికి ఆ పొద్దున కాలు మడతపడింది. డైరెక్టరు ఎండ పోతోందని గోల. మీ తమ్ముడు నేనెక్కుతా అన్నాడు. ఒక్క లారీయే కదా బావా, పచ్చ టార్పాలిన్, పెద్దది, నీకు కనబడుతుంది అన్నాడు. కనబడింది. పచ్చగా వస్తోంది. కానీ ఎంత దూరంలో ఉందో..." ఆయన తన రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి, మధ్య దూరం కొలవబోయి, వదిలేశాడు. "ఒంటి కన్నుకి దూరం తెలీదే. వచ్చేసిందనుకున్నాను."

"సరే, అక్కడ పొరపాటు పడ్డారు. మనిషన్నాక పొరపాటు పడతాడు. కమిటీ వాళ్ళు వచ్చినప్పుడు? నేనే ముందు దూకానని వాడు చెబుతుంటే మీ నోరు ఎందుకు పెగల్లేదు?"

"చెప్పబోయాను. వాడు నా చెయ్యి నొక్కాడు."

"నడుం విరిగి పక్కకి తిరగలేనివాడు నొక్కితే మీ నోరు మూతపడిపోయిందా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మాస్టర్ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళుగా దెబ్బ తినడం, తినిపించడం తప్ప ఇంకోటి తెలియని మనిషి. ఈ దెబ్బ కాచుకోవడం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

"ఆ బొమ్మ ఇంకెవరు చూశారు?" అన్నాడు.

"నేనే."

"చెరిపెయ్యమని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. వాడు ఎలాగూ ఒప్పుకున్నాడు. వాడి వైద్యం నేను చూసుకుంటాను. జీవితాంతం మోస్తాను వాణ్ణి. నాకు ఈ పని ఉంటేనే అది అవుతుంది."

"గురువారం కార్ల సీను మీదే కదా?"

"అవును."

"ఎంత మంది దూకుతున్నారు?"

"నలుగురు."

"ఎవరి కళ్ళతో చూస్తారు?"

 మాస్టర్ లేచి తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం కోసం చేత్తో తడిమి, దొరికించుకుని, బయటికి వెళ్ళిపోయాడు. క్యారియర్ మూత తియ్యకుండానే ఉంది.

ఆమె ఏడవలేదు. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. చేతులకి అలవాటైన పని ఒక్కటే ఉంది, అదే చేసింది. మూడో కెమెరా బొమ్మని మొదటికి తీసుకెళ్ళి ఒక్కొక్క ఫ్రేమే జరపడం మొదలుపెట్టింది. కమిటీకి ఇవ్వాలన్నా, చెరపాలన్నా, అసలు ఏముందో పూర్తిగా తెలియాలి కదా.

గుడ్డ దిగిన ఫ్రేము దగ్గర గుర్తు పెట్టింది. తమ్ముడి పాదం కమ్మీ మీంచి లేచిన ఫ్రేము దగ్గర ఇంకో గుర్తు పెట్టింది. మధ్యలో ఉన్నవి లెక్కపెట్టింది. ముప్పై ఒకటి.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

మాస్టర్ కన్ను పోకముందు సినిమాల్లో తమ్ముడి దూకుళ్ళన్నీ ఆమే కోసింది. సైగ పడ్డాక పాదం లేవడానికి వాడికి తొమ్మిది ఫ్రేములు పడుతుంది, మహా అయితే పది. అంటే సెకనులో సగం కూడా కాదు. ఈసారి ముప్పై ఒకటి. సెకను దాటిపోయింది. వాడెందుకు ఆగాడు?

మళ్ళీ చూసింది, ఈసారి తమ్ముణ్ణే. గుడ్డ దిగింది. వాడి తల కదిలింది, రోడ్డు వైపు, లారీ వచ్చే వైపు. అక్కడ ఆగింది. తర్వాత ఎడమ పాదం అరడుగు వెనక్కి జరిగింది. అప్పుడు దూకాడు, నిలువుగా కిందికి కాదు. లారీ వచ్చే వైపుకి, ఒళ్ళంతా విసిరేసి.

ఆమె ఆ బొమ్మని చిన్న డ్రైవులోకి ఎక్కించి, చేతిసంచిలో వేసుకుని లేచింది. డైరెక్టరుకి దూకుడు పంపలేదు. దారిలో ఆయన దగ్గర్నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. తియ్యలేదు.

ఆస్పత్రిలో చూడటానికి రానిచ్చేది అయిదింటికి. మూడో అంతస్తులో చివరి గది. తమ్ముడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుం చుట్టూ గట్టి పట్టీ, కాళ్ళ దగ్గర కప్పీ మీంచి వేలాడుతున్న బరువులు. కాలి వేళ్ళు దుప్పటి బయట ఉన్నాయి. ఆమె రోజూ గదిలోకి రాగానే ముందు ఆ వేళ్ళ వైపే చూస్తుంది. ఈ రోజూ అవి కదల్లేదు.

"రా అక్కా. నీకోసమే చూస్తున్నా. ఈ పైకప్పు మీద పదకొండు మరకలున్నాయి, కనిపెట్టావా? ఆ మూలది చూడు, అచ్చం మన డైరెక్టరు మొహం. పైనుంచి రోజంతా నన్నే చూస్తాడు, ఇంకో టేకు అంటాడేమోనని భయం."

ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. వాడి దుప్పటి సర్దింది. తల్లి పోయినప్పుడు వీడికి ఆరేళ్ళు, ఆమెకి పంతొమ్మిది. దుప్పటి సర్దడం అప్పటినుంచి వస్తున్న పని.

"మూడో కెమెరా ఒకటుందిరా" అంది.

తమ్ముడి నవ్వు మొహం మీదే ఉంది కానీ అందులోంచి వాడు వెళ్ళిపోయాడు.

"బావ గుడ్డ దించడం చూశాను. బావతో మాట్లాడాను. కన్ను సంగతి తెలిసింది."

"ఆ ముక్క తీసెయ్ అక్కా."

"రెండేళ్ళు నా ఇంట్లో, నా చేతి అన్నం తింటూ, నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగార్రా మీరిద్దరూ? ఆయనకి కన్ను పోయింది ఒకటే. నాకు రెండూ మూసేశారు."

"నువ్వు భయపడతావని..."

"నా సంగతి తర్వాత. ఇప్పుడు నేనడిగినదానికి జవాబు చెప్పు. గుడ్డ దిగాక నువ్వు ముప్పై ఒక్క ఫ్రేములు ఆగావు. నీకు పది చాలు. ఎందుకు ఆగావు?"

తమ్ముడు చూపు కప్పు వైపు తిప్పాడు. బయట నడవాలో ఎవరో తోపుడు మంచం తోసుకెళుతున్నారు. దాని చక్రం ఒకటి కీచుమంటోంది. 

"నువ్వు ఎడిటర్‌వి కాకుండా టీచరమ్మవి అయ్యుంటే బాగుండేది" అన్నాడు.

"చెప్పు."

"లారీ రాలేదక్కా. గోతిలో పడి నెమ్మదించింది. ఇంకా రెండు బారల దూరంలో ఉంది. పైనుంచి నాకు శుభ్రంగా కనబడుతోంది."

"చూశావు."

"చూశాను."

"చూసి దూకావు."

"ఆగగలిగినంత ఆగాను. ఇంకా ఆగితే డైరెక్టరు కట్ అంటాడు. ఎందుకు దూకలేదురా అంటాడు. లారీ రాలేదండీ అంటాను. మరి మాస్టర్ గుడ్డ ఎందుకు దించాడని అందరూ బావ వైపు తిరుగుతారు. రెండొందల మంది ఉన్నారక్కా అక్కడ. ఆయన ఎండలో గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో ఆయనకింకా తెలీదు." దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకున్నాడు. "రెండు బారలే కదా, గట్టిగా విసురుకుంటే పరుపు అంచు అందుతుందనుకున్నాను. ఎన్నిసార్లు అందుకోలేదు అలాంటివి? ఈసారి క్యాబిన్ అంచు తగిలింది, అంతే."

ఆమె చెయ్యి పైకి లేచింది. చిన్నప్పుడు వాడు గోడలెక్కితే వీపు మీద వేసే దెబ్బకి లేచినట్టే లేచింది. ఎక్కడ కొట్టాలో తెలియక, వాడి తల మీదికి దిగి, జుట్టులో ఆగింది.

"తెలివితక్కువ వెధవా" అంది. 

"అక్కా, ఒక్కటి మాటివ్వు. కమిటీకి ఏం చూపిస్తావో నీ ఇష్టం. కానీ ఇది మాత్రం బావకి చెప్పకు. తనని నమ్మి దూకాననే ఆయన అనుకుంటున్నాడు. ఆ తప్పయితే ఎలాగోలా మోసుకుంటాడు. తన పరువు కోసం చూసి చూసి దూకానని తెలిస్తే బతకడు."

ఆమె ఏదో చెప్పబోయింది. తమ్ముడి కళ్ళు ఆమె భుజం మీదుగా తలుపు వైపు వెళ్ళి అక్కడే ఉండిపోయాయి.

ఆమె వెనక్కి తిరిగింది. గుమ్మంలో మాస్టర్ ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలీదు. నిలబడ్డ తీరు చూస్తే, ఇప్పుడే వచ్చినవాడిలా లేడు.

ఆయన లోపలికి వచ్చాడు. మంచం అంచు చేత్తో పట్టుకుని, అవతల పక్కకి నడిచి, కుర్చీ ఎక్కడుందో చూసుకుని కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. విప్పి దుప్పటి మీద పరిచాడు. అది కమిటీకి రాసిన ఉత్తరం. అక్షరాలు పెద్దపెద్దవిగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, ప్రతి వరసా కుడివైపుకి పోయేకొద్దీ కిందికి జారిపోతూ ఉంది. ఎడిటరమ్మకి తలకిందులుగానే మొదటి వాక్యం తెలిసింది. 'గుడ్డ దించింది నేనే.'

"ఎడిటింగ్ గదిలోంచి తిన్నగా యూనియన్ ఆఫీసుకి పోయి రాశాను" అన్నాడు మాస్టర్, భార్యతో కాదు, బావమరిదితో. "అక్కడ ఇచ్చేసి రావచ్చు. నీకు చెప్పకుండా ఇవ్వడం బాగోదని వచ్చాను. కన్ను సంగతి రాశాను. నువ్వు చెప్పింది అబద్ధమని రాశాను. చివర ఈ వరస ఉంది చూడు." వేలితో వెతుక్కుని, ఆ వరస మీద పెట్టాడు. "'ఆ కుర్రవాడు నన్ను నమ్మి దూకాడు.'"



మాస్టర్ జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, తమ్ముడి చేతి పక్కన దుప్పటి మీద పెట్టాడు.

"నా మొహం చూసి చెప్పరా. ఈ మాట ఉంచమంటావా, కొట్టెయ్యమంటావా?"